పావు కిలో పాలపొడి

నిన్న సాయంత్రం మా వీధి చివర ఉండే అమ్మాయి బ్లౌజ్ లూజు చేయించుకోవడానికి వచ్చింది. చంకలో తొమ్మిది నెలల పాప. పాప మూతి చుట్టూ, గడ్డం కింద ఎర్రగా దద్దుర్లు. "అక్కా, మీ బాబుకు గూడ గిట్లనే అయ్యేది కదా, బాలామృతం పెట్టినప్పుడు?" అని అడిగింది. బాలామృతం అంటే అంగన్‌వాడీలో చిన్నపిల్లలకి ఇచ్చే పిండి ప్యాకెట్. మిషన్ ఆపేసి పాపని ఒళ్ళోకి తీసుకుని చూశాను. నాలుగేళ్ళ కింద మా చిన్నోడి మొహం అచ్చం ఇలాగే ఉండేది. ఆ అమ్మాయికి పాల అలర్జీ గురించి నాకు తెలిసింది చెప్పి, పొద్దున్నే పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళమని పంపించాను కానీ, రాత్రి నిద్ర పట్టలేదు. నేను పడ్డదే ఇంకొకరు మొదటి నుంచీ పడబోతున్నారు, మధ్యలో ఏమీ మారలేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది హైదరాబాద్‌కి రెండు గంటల దూరంలో ఉన్న చిన్న ఊరు. మా ఆయన గూడ్స్ ఆటో నడుపుతాడు, నెలకి పదిహేను వేలు వస్తే అది మంచి నెల. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఆహార భద్రత కార్డు ఉంది, బియ్యం వస్తాయి, పాపా బాబూ ఇద్దరూ అంగన్‌వాడీ తిండి తిన్నవాళ్ళే. అంగన్‌వాడీ మీద నాకు చాలా గౌరవం ఉంది, అది ముందే చెప్తున్నాను. 1975లో గాంధీ జయంతి రోజున మొదలైన పథకం అది, మా అమ్మ నన్ను కూడా అక్కడికే పంపించేది. దాన్ని తిట్టడానికి ఈ పోస్టు రాయడం లేదు.

చిన్నోడు పుట్టాక రెండో నెలలో బుగ్గలు ఎర్రబడి పొట్టు లేవడం మొదలైంది. చలికాలం కదా అని కొబ్బరినూనె రాశాం. తర్వాత మలంలో సన్నగా నెత్తురు చారలు కనిపించాయి. ఊళ్ళో ఆర్‌ఎంపీ విరేచనాల సిరప్ ఇచ్చాడు, తగ్గలేదు. టౌన్లో పిల్లల డాక్టర్ చూసి, నన్ను ఒక ప్రశ్న అడిగారు: "నువ్వు పాలు తాగుతున్నావా అమ్మా?" తాగుతున్నాను. రోజూ అంగన్‌వాడీలో 200 మిల్లీలీటర్లు. 2015లో మొదలైన ఆరోగ్య లక్ష్మి కింద గర్భిణులకీ, బిడ్డకి ఆరు నెలలొచ్చేదాకా బాలింతలకీ మధ్యాహ్నం సెంటర్లోనే అన్నం, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు ఇస్తారు. ఇంటికి తీసుకెళ్తే ఇంట్లో వాళ్ళంతా పంచుకుంటారని అక్కడే కూర్చోబెట్టి పెడతారు. బిడ్డకి బలం రావాలని నేను ఆ పాలు ఒక్క చుక్క మిగల్చకుండా తాగేదాన్ని. ఆవు పాలలో ఉండే ప్రొటీన్ తల్లి పాలలోకి కొద్దిగా దిగుతుందట, అలర్జీ ఉన్న బిడ్డకి కొందరికి ఆ కొద్దిగా కూడా పడదట. ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గొంతులో ఉంది. ప్రేమగా పెట్టిందే వాడికి విషమైంది.

డాక్టర్ బిడ్డకి పాలివ్వడం ఆపమనలేదు. నన్ను పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, పాలు కలిసిన బిస్కెట్లు, స్వీట్లు మూడు నాలుగు వారాలు పూర్తిగా మానేయమన్నారు. నెత్తురు ఆగితే మళ్ళీ మొదలుపెట్టి చూద్దాం, మళ్ళీ వస్తే అప్పుడు ఖాయం చేద్దాం అన్నారు. నాకు కాల్షియం మాత్రలు రాశారు. పది రోజుల్లో నెత్తురు ఆగింది. మళ్ళీ పెరుగన్నం తిన్న మూడో రోజుకి వచ్చింది. అట్లా ఖాయమైంది.

ఇక్కడ ఒక విషయం. మన దగ్గర "పాలు పడవు" అనే ఒక్క మాటలో రెండు వేర్వేరు జబ్బులు కలిసిపోతాయి. పాలలో ఉండే చక్కెర, అంటే లాక్టోజ్, అరగకపోతే కడుపుబ్బరం, గ్యాస్, నీళ్ళ విరేచనాలు. అది ఎక్కువగా పెద్దయ్యాక వచ్చేది, ప్రాణం మీదికి రాదు. పాల అలర్జీ అంటే పాలలోని ప్రొటీన్‌ని ఒళ్ళు శత్రువు అనుకోవడం. దద్దుర్లు, వాంతులు, కళ్ళు పెదాలు వాయడం, నెత్తురు విరేచనాలు, కొందరికి ఊపిరి ఆడకపోవడం దాకా పోతుంది. ఊపిరి కష్టమైతే ఆలోచించకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ తేడా తెలియక మాకు సలహాలు ఇచ్చినవాళ్ళు ఎంతమందో. గేదె పాలు పట్టు, మేక పాలు పట్టు అని మా అత్తమ్మ, ఆమె చెల్లెళ్ళు. వీధిలో "గాడిద పాలో" అని అరుచుకుంటూ వచ్చే ఆయన్ని పిలిచి చిన్న గ్లాసుకి వంద రూపాయలు ఇవ్వబోయింది మా పెద్దాడపడుచు, నేను అడ్డం పడ్డాను. ఆవు పాలు పడని పిల్లల్లో తొంభై శాతం పైగా పిల్లలకి మేక పాలు కూడా పడవు, ఆ ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి, గేదె పాలూ అంతే. ఇది డాక్టర్ బొమ్మ గీసి మరీ చెప్పారు.

నేను సెంటర్‌కి వెళ్ళి టీచర్‌కి చెప్పాను, నాకు పాలు వద్దు అని. ఆమె మంచిది, ఇప్పటికీ నాకు అక్క లాంటిది. కానీ ఆమె మొదట అన్న మాట, "మరి రిజిస్టర్‌ల ఏం రాయాలె?" పాలకి బదులు ఇంకో గుడ్డు ఇవ్వచ్చా అని అడిగాను. గుడ్లు లెక్క ప్రకారం వస్తాయి, ఒకటి ఎక్కువిస్తే సాయంత్రానికి లెక్క తప్పుతుంది. ఆమె తప్పేమీ లేదు. నా వంతు పాలు రోజూ ఇంకో గర్భిణికి పోసేవాళ్ళు. నేను తాగినట్టే రాసేవాళ్ళు.

బిడ్డకి నాలుగు నెలలు నిండాయి. ఐదో నెలలో నాకు డెంగ్యూ వచ్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో, ప్లేట్‌లెట్లు పడిపోయి, పాలు దాదాపు ఎండిపోయి. మామూలు డబ్బా పాలు వాడికి పట్టకూడదు, అదీ ఆవు పాలతో చేసిందే. అలర్జీ పిల్లలకి వేరే పాలపొడి ఉంటుంది, ప్రొటీన్‌ని చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొట్టి చేస్తారు, హైడ్రలైజ్డ్ అని రాసి ఉంటుంది డబ్బా మీద. మా ఊళ్ళో ఏ మెడికల్ షాపులోనూ లేదు, మా ఆయన హైదరాబాద్ వెళ్ళి తెచ్చాడు. 400 గ్రాముల డబ్బా, రెండు వేలకి పైనే. ఇంట్లో అందరం దాన్ని బంగారం చూసినట్టు చూశాం. ఆ వయసు బిడ్డ రోజుకి దాదాపు వంద గ్రాముల పొడి తాగుతాడు, అంటే డబ్బా నాలుగు రోజులు. లెక్క వేసుకోండి, నెలకి ఏడెనిమిది డబ్బాలు, పదిహేను పదహారు వేలు. మా ఆయన మంచి నెల సంపాదన మొత్తం ఒక్కడి పాలకే. కొందరు పిల్లలకి అది కూడా పడక అమైనో యాసిడ్ ఫార్ములా అనే ఇంకో రకం పాలపొడి వాడాలి, దాని ధర దీనికి రెట్టింపు దాకా ఉంటుంది. మేము నాలుగు డబ్బాలు కొన్నాం. నా కమ్మలు కుదువ పెట్టాం. నా పాలు మళ్ళీ వచ్చాయి కాబట్టి బయటపడ్డాం. రాని తల్లి ఏం చేస్తుంది? నీళ్ళు ఎక్కువ, పొడి తక్కువ కలుపుతుంది. లేదా అలర్జీ అని తెలిసీ గేదె పాలే పడుతుంది. అలా చేసిన ఒకామెని నేను అదే ఆసుపత్రి వరండాలో చూశాను, ఆమెని ఒక్క మాట అనడానికి నాకు నోరు రాలేదు.

ఇక బాలామృతం సంగతి. ఏడో నెల నుంచి మూడేళ్ళు నిండేదాకా తెలంగాణలో ప్రతి బిడ్డకి నెలకి రెండున్నర కిలోల ప్యాకెట్, 16 గుడ్లు ఇస్తారు. హైదరాబాద్ నాచారంలో ప్రభుత్వ ఫ్యాక్టరీలో తయారవుతుంది. వేయించిన గోధుమలు 55 శాతం, చక్కెర 20, నూనె 10, పాలపొడి 10, శనగపప్పు 5. విటమిన్లు, ఐరన్ కలుపుతారు. రోజుకి వంద గ్రాములు పెడితే 400 కేలరీల పైన, 11 గ్రాముల ప్రొటీన్. మా పాప దాని మీదే పెరిగింది, వేడి నీళ్ళలో కలిపితే కమ్మగా ఉంటుంది, ఉండలు చుట్టి పెడితే పరుగెత్తుకొచ్చేది. పేదింటి పిల్లకి అది నిజంగా అమృతమే.

చిన్నోడికి మొదటి ప్యాకెట్ వచ్చిన రోజు నేను బజారుకి వెళ్ళాను. పప్పు పిండే కదా అనుకుని మా అత్తమ్మ రెండు చెంచాలు పెట్టింది. నేను ఇంటికొచ్చేసరికి ఒక కన్ను మూసుకుపోయి, పెదవి వాచి, ఒళ్ళంతా దద్దుర్లతో, వాంతి చేసుకుని వేలాడిపోయి ఉన్నాడు. ఆటోలో ఆసుపత్రికి పరుగు. ఇంజెక్షన్ ఇచ్చారు, సాయంత్రానికి తేరుకున్నాడు. మా అత్తమ్మ ఆ రాత్రి దేవుడి పటం ముందు కూర్చుని ఏడ్చింది. ఆమెకి చదువు రాదు, వచ్చినా ప్యాకెట్ వెనక వైపు చూడాలని ఎవరు చెప్పారు?

నేను ఎన్నిసార్లు చెప్పినా పెద్దవాళ్ళకి అర్థం కానిది, మా టీచర్‌కి అర్థమయినా చేయలేకపోయింది, ఒక్కటే. రెండున్నర కిలోల ప్యాకెట్లో పాలపొడి పావు కిలో. ఆ పావు కిలో వల్ల మిగతా రెండుంపావు కిలోల గోధుమ, శనగపప్పు, నూనె, చక్కెర, విటమిన్లు అన్నీ నా బిడ్డకి దక్కలేదు. పాలు విడిగా ఇస్తే పాలొక్కటే వదులుకునేవాళ్ళం. కలిపేసి ఇచ్చారు కాబట్టి మొత్తం పోయింది. ఆంధ్రలో ఉన్న మా చెల్లి వాళ్ళకి బాలామృతంతో పాటు పాల ప్యాకెట్లు విడిగా కూడా వస్తాయి, అలర్జీ ఉన్న ఇంట్లో అక్కడ ఇంకాస్త ఎక్కువ పోతుంది.

మరి ఆ ప్యాకెట్ ఏమయ్యేది అంటారా? మాకే ఇచ్చేవాళ్ళు, ఇవ్వాలి కాబట్టి. "నీ బిడ్డ పేరు మీద వచ్చింది, నీకే ఇయ్యాలె" అనేది టీచర్. మా పాప తినేది, పక్కింటి పిల్లలకి పోసేదాన్ని. రెండేళ్ళ ఐదు నెలలు నెలనెలా సంతకం పెట్టి తెచ్చుకున్నాను. ఫోన్ యాప్‌లో చిన్నోడి పేరు ఎదురుగా "ఇచ్చాం" అనే ఉంది. అంటే ప్రభుత్వం లెక్కలో మా వాడు ప్రతి నెలా రెండున్నర కిలోల బాలామృతం తిన్న పిల్లాడు. మరి తూకంలో ఎందుకు పసుపు రంగులోకి, అంటే బరువు తక్కువ గుర్తులోకి వచ్చాడు? నెల తర్వాత నెల బరువు పెరగడం లేదని మా టీచర్ కంగారు పడేది, సూపర్‌వైజర్ వచ్చి నన్నే గదమాయించింది, "ప్యాకెట్ పిల్లగానికి పెట్టకుండ మీరే తింటున్నరా?" అని. డాక్టర్ చీటీ చూపించాను. చదివింది. "ఇది రాసుకునే కాలం నా దగ్గర లేదమ్మా" అంది. ఆ మాట ఆమె కోపంగా అనలేదు, నిజంగానే లేదు. పాలు పడని బిడ్డ అని రాసే గడి ఎక్కడా లేదు, కాబట్టి అలాంటి బిడ్డలు ఎంతమంది ఉన్నారో ఎవరికీ లెక్క లేదు. లెక్క లేదు కాబట్టి వాళ్ళ కోసం ఏమీ అనుకోరు.

ఏడాదికి రెండుసార్లు ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పరీక్షల పథకం డాక్టర్ల బండి సెంటర్‌కి వస్తుంది. 2013లో మొదలైంది, పిల్లలని పుట్టుకతో వచ్చే లోపాల నుంచి పళ్ళు పుచ్చడం దాకా 30కి పైగా రకాల సమస్యలకి చూస్తారు. ఆ జాబితాలో ఆహార అలర్జీ లేదు. బిడ్డ బరువు మరీ పడిపోతే జిల్లా ఆసుపత్రిలో పోషకాహార పునరావాస కేంద్రంలో చేర్చుకుంటారు, అక్కడ మొదట ఇచ్చేది ఎఫ్-75, తర్వాత ఎఫ్-100. రెండూ పాలతో చేసేవే. మా వాడిని అక్కడికి పంపాలా అని ఒకసారి మాట వచ్చినప్పుడు నేను వణికిపోయాను. పాలు పడక బక్కచిక్కిన పిల్లాడికి మందు కూడా పాలే.

వాడిని నిలబెట్టింది ఆ 16 గుడ్లు. గుడ్డు మా వాడికి పడింది, అది మా అదృష్టం, కొందరు పాల అలర్జీ పిల్లలకి గుడ్డు కూడా పడదు. రోజూ రాగి జావ, అందులో వేరుశనగ పొడి, నువ్వుల పొడి, బెల్లం. రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దగ్గర కాల్షియం ఉంటుంది, అదే వంద మిల్లీలీటర్ల పాలలో 120. నువ్వుల్లో ఇంకా ఎక్కువ. మునగాకు, తోటకూర పప్పులో వేసి మెత్తగా మెదిపి పెట్టేదాన్ని. అయినా డాక్టర్ రాసిన కాల్షియం సిరప్, డి విటమిన్ చుక్కలు మానలేదు, మీరూ మీ అంతట మీరు మానకండి. బాదం పాలు, కొబ్బరి పాలు, గంజి ఇవేవీ ఏడాది లోపు బిడ్డకి తల్లి పాలకీ ఫార్ములాకీ బదులు కావు, ఇది చాలామంది పొరపాటు పడే చోటు. ఇంకో మాట, పిల్లాడికి దద్దుర్లు రాగానే ఎవరో చెప్పారని పాలు మాన్పించేయకండి. పేదింట్లో పాలు మానడం చిన్న విషయం కాదు, అనుమానంతో మానితే బిడ్డ ఊరికే నష్టపోతాడు. డాక్టరే తేల్చాలి.

బయట కొన్నవాటితో ఇంకో తంటా. ప్యాకెట్ ఆహారంలో పాలు ఉంటే అలర్జీ కోసం విడిగా రాయాలని రూల్ ఉంది, చాలా బిస్కెట్ల మీద ఉంటుంది కూడా. కానీ లేబుల్ ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలు. కేసిన్, వే, మిల్క్ సాలిడ్స్, ఇవన్నీ పాలే అని నాకు డాక్టర్ చీటీ వెనక రాసిచ్చారు. ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ కొనేముందు ఆ చీటీ తీసి కిరాణా కొట్టు ముందు నిలబడి అక్షరం అక్షరం పోల్చి చూసేదాన్ని. నేను ఇంటర్ చదివాను. మా వీధి అమ్మాయి ఐదు వరకే చదివింది. తెలుగులో "పాలు ఉన్నాయి" అని రెండు మాటలు పెద్దగా రాయడానికి ఎంత ఖర్చవుతుంది?

చిన్నోడికి ఏడాదిన్నర వయసులో నేను ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్ళాను. రెండు పేజీల అర్జీ, డాక్టర్ చీటీ జిరాక్స్, బరువు కార్డు. నేను ఫార్ములా డబ్బాలు అడగలేదు, అంత అడిగితే మొదటికే మోసం వస్తుందని తెలుసు. బాలామృతం బదులు అదే విలువకి రాగులు, వేరుశనగలు, పప్పు, ఇంకో నాలుగు గుడ్లు ఇప్పించమన్నాను. అక్కడ కూర్చున్న ఆఫీసర్ ఓపిగ్గా చదివారు. కాగితం మళ్ళీ మా అంగన్‌వాడీ ప్రాజెక్టు ఆఫీసుకే వచ్చింది. నెలన్నర తర్వాత జవాబు, పథకంలో అలాంటి వెసులుబాటు లేదు అని.

కానీ చట్టంలో ఉంది కదా. 2013 ఆహార భద్రతా చట్టం ఆరు నెలల నుంచి ఆరేళ్ళ దాకా ప్రతి బిడ్డకి వయసుకి తగిన ఆహారం ఉచితంగా ఇవ్వాలంటుంది. మూడేళ్ళ లోపు పిల్లలకి రోజుకి 500 కేలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రొటీన్ అని చట్టం వచ్చినప్పుడే దాని షెడ్యూల్లో అంకెలు వేసి రాశారు. ఇవ్వాల్సింది ఇవ్వకపోతే భత్యం ఇవ్వాలని కూడా ఉంది. మా విషయంలో చిక్కు ఏంటంటే, వాళ్ళు ఇచ్చారు. బిడ్డ తినలేనిది ఇచ్చినా ఇచ్చినట్టే లెక్క. నా మనసు దీనికి ఎన్నటికీ ఒప్పుకోదు. తింటే ఆసుపత్రి పాలయ్యే తిండి ఆ బిడ్డ వరకు తిండే కాదు.

డబ్బు లేక కాదు. మూడేళ్ళ లోపు బిడ్డకి రోజుకి 8 రూపాయలు అని 2017లో ఖరారు చేసిన లెక్క, నెలకి 25 రోజులంటే 200. ఆ 200కి మా అంగట్లో కిలో రాగులు, అర కిలో వేరుశనగలు, అర కిలో పెసరపప్పు వస్తాయి, ఇంకా కాస్త మిగులుతుంది. సెంటర్లో మూడేళ్ళ పైబడ్డ పిల్లలకి వండే బియ్యం, పప్పు, నూనె ఎలాగూ ఉన్నాయి. కొత్త ఫ్యాక్టరీ అక్కర్లేదు. ఒక డాక్టర్ సర్టిఫికెట్, రిజిస్టర్‌లో ఒక గడి, టీచర్‌కి ఒక ఆర్డర్ కాపీ, అంతే కావాల్సింది.

మా పిన్ని కూతురు అమెరికాలో ఉంటుంది, నా గోడు విని అక్కడి సంగతి చెప్పింది. పేద తల్లులకీ పిల్లలకీ అక్కడ విక్ అని పథకం, 1972లో మొదలై 1975 నుంచి శాశ్వతం అయింది. డాక్టర్ ఫారం నింపి ఇస్తే మామూలు ఫార్ములా బదులు అలర్జీ ఫార్ములా ఇస్తారు, ఏడాది దాటిన పిల్లలకి పాల బదులు సోయా పాలు తీసుకోవచ్చు. ఇంగ్లండ్‌లో వేరే పద్ధతి, హెల్దీ స్టార్ట్ అని ఒక కార్డు ఇస్తారు. దానితో అలర్జీ ఫార్ములా కొనడానికి వీల్లేదు, ఆవు పాల ఫార్ములాకే చెల్లుతుంది, అక్కడి తల్లులకి అదొక బాధ. కానీ ఆ ఫార్ములా డాక్టర్ రాస్తే వైద్యం కింద ఉచితంగా వస్తుంది, కార్డులో డబ్బు పళ్ళకీ కూరగాయలకీ వాడుకోవచ్చు. పాలు పడకపోయినా కార్డు మొత్తం వృథా కాదు. మా ప్యాకెట్‌కీ ఆ కార్డుకీ ఉన్న తేడా అదే.

అలాగని మాకూ కార్డులో డబ్బులే వేయండి అని నేను అడగను. మా ఇళ్ళల్లో ఖాతాలో పడ్డ 200 గ్యాస్ బండకో, ఆటో రిపేరుకో పోతుంది. వస్తువే ఇవ్వాలి. బిడ్డ తినగలిగే వస్తువు ఇవ్వాలి.

ఫార్ములా సంగతి వేరు, అది కష్టమైన ప్రశ్న. డబ్బా పాల కంపెనీలు ఆసుపత్రుల్లో దూరకుండా 1992లో చట్టం వచ్చింది, ప్రకటనలు, ఉచిత శాంపిళ్ళు బంద్ చేశారు. చాలా మంచి చట్టం, అది లేకపోతే మా వీధిలో ఒక్క బిడ్డకి తల్లి పాలు దక్కేవి కావు. నేను అడిగేది అందరికీ పంచమని కాదు. తల్లి పాలు లేని, అలర్జీ ఖాయమైన పిల్లలకి, మందు ఇచ్చినట్టు, డాక్టర్ రాసి ఇస్తే ప్రభుత్వ ఆసుపత్రి మందుల కౌంటర్లో ఇవ్వమని. దీనికి దారి అసలే లేదనుకున్నాను, ఉందని తర్వాత తెలిసింది. 2021లో కేంద్రం తెచ్చిన అరుదైన జబ్బుల విధానంలో ప్రత్యేక ఆహారంతో అదుపులో ఉంచే జబ్బుల జాబితా ఒకటి ఉంది, అందులో తీవ్రమైన ఆహార ప్రొటీన్ అలర్జీ పేరు కూడా ఉంది. ఇలాంటివాటికి రాష్ట్రాలు సాయం చేసే విషయం ఆలోచించవచ్చు అని రాశారు. హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, అనే డీఎన్‌ఏ పరిశోధన సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఆ జబ్బుల కేంద్రం. మా వాడిలాంటి వాడు ఆ "తీవ్రమైన" అన్న మాట కిందకి రాడు, కానీ మీ బిడ్డకి ఏ ఫార్ములా పడక, మళ్ళీ మళ్ళీ ఆసుపత్రిలో చేరాల్సి వస్తుంటే మీ డాక్టర్‌ని ఈ విషయం అడగండి. నేను అడిగిన ముగ్గురు డాక్టర్లలో ఇద్దరికి ఈ జాబితాలో ఆ పేరు ఉందని తెలియదు.

చిన్నోడు మూడు నిండి సెంటర్‌కి వెళ్ళడం మొదలుపెట్టాక గొడవ చాలావరకు తగ్గింది. అక్కడ పెట్టేది అన్నం, పప్పు, కూర, గుడ్డు. అన్నీ తింటాడు. అక్కడికి వెళ్ళిన మొదటి మూడు నెలల్లో పెరిగిన బరువు అంతకుముందు ఏడాదిలో పెరగలేదు. ఇదే నన్ను ఎక్కువ కుదిపింది. పాల అలర్జీ చాలామంది పిల్లల్లో మూడు నుంచి ఐదేళ్ళ లోపు దానంతట అదే పోతుంది. పాలపొడి కలిసిన ప్యాకెట్ ఇచ్చేది కూడా సరిగ్గా మూడేళ్ళ దాకానే. అంటే అలర్జీ ఉన్నన్నాళ్ళూ వాడు తినలేని తిండి, అలర్జీ పోయే వయసుకి తినగలిగే తిండి. మెదడూ ఎముకా పెరిగే ఆ రెండున్నరేళ్ళు మళ్ళీ రావు.

పోయిన దసరాకి ముందు ఆసుపత్రిలో కూర్చోబెట్టి పాలు కలిసిన బిస్కెట్ కొంచెం కొంచెంగా పెట్టి చూశారు. బాగా కాలిస్తే ప్రొటీన్ మారిపోయి కొందరికి పడుతుందట. నేను వాడి మొహం వంకే చూస్తూ రెండు గంటలు కూర్చున్నాను, ఏమీ కాలేదు. ఇప్పుడు బిస్కెట్, కేకు తింటాడు. పెరుగు ఇంకా లేదు. అన్నం చివర మజ్జిగ పోసుకునే అక్కని చూసి "నాకెప్పుడు?" అంటాడు.

ఈరోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. డాక్టర్ కూడా పాలేనని అనుమానపడుతున్నారట, ప్యాకెట్ ఆపేయమన్నారట, నాలుగు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారట. "మరి ఈ ప్యాకెట్ ఏం జెయ్యాలె అక్కా, సంతకం పెట్టి తెచ్చుకున్న" అంది. ఆ సంతకం పక్కనే "డాక్టర్ వద్దన్నారు, బిడ్డకు పెట్టలేదు" అని రాయమని చెప్పాను. ప్రతి నెలా రాయమన్నాను. నేను ఆ పని చేయలేదు, నాకు తోచలేదు. గడి లేకపోతే గడి పక్కన రాయాలి. డాక్టర్ ఖాయం చేసి చీటీ ఇవ్వగానే తన అర్జీ నేనే రాస్తాను. నా పాత అర్జీ, దానికొచ్చిన జవాబు, మా వాడి బరువు కార్డు కూడా దానికి కుట్టి, ఆ వచ్చే సోమవారం ఇద్దరం కలిసి ప్రజావాణికి వెళ్తాం. మీ ఊళ్ళో మీకూ ఇదే జరిగి ఉంటే, మీ బిడ్డ వయసు, ఎన్ని నెలలు ప్యాకెట్ పెట్టలేకపోయారు, డాక్టర్ చీటీ ఉందా లేదా, ఈ మూడూ నాకు రాయండి. పేర్లు అక్కర్లేదు. ఆ లెక్క కూడా అర్జీలో పెడతాను.